కొట్టుగదిలో డార్జిలింగ్

“స్టూలు కదలనివ్వకు. గట్టిగా పట్టుకో” అన్నాడు మా ఆయన జోజి పైనుంచి.

నైట్ డ్యూటీ నుంచి వచ్చి నేనింకా యూనిఫారం చీర కూడా మార్చుకోలేదు. ఒక చేత్తో స్టూలు, ఇంకో చేత్తో మేకులు పట్టుకుని నిలబడ్డాను. సుత్తి దెబ్బకి రాలుతున్న సున్నం నా జుట్టులో, మెడ మీద పడుతోంది. వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వచ్చింది.

“పాలండీ...” అన్నాను.

“ఒక్క నిమిషం ఆగలేవూ? నేను కిందపడితే ఆ పాలు తాగుతావా?”

పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడిచేది కూడా నేనే కాబట్టి ఆయనకి పెద్ద తేడా ఏమీ లేదు.

గుణదల తిరునాళ్ళకి వారం కూడా లేదు. మా ఇల్లు సరిగ్గా కొండ కింద. ఫిబ్రవరి వచ్చిందంటే జోజి వాళ్ళ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ తోడికోడళ్ళు, ఊళ్ళో తెలిసినవాళ్ళు అందరూ మా ఇంట్లోనే దిగుతారు. వాళ్ళు మేరీమాతకి తలనీలాలిచ్చి, కొవ్వొత్తులు వెలిగించి, కొండ దిగి వచ్చేసరికి ఇడ్లీలు పొగలు కక్కుతూ ఉండాలి. మధ్యాహ్నానికి మాంసం కూర ఉడికి ఉండాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి తిరునాళ్ళ రోజుల్లో నేను కొండెక్కింది లేదు. మాత ఏమీ అనుకోదులే, ఆవిడా ఇల్లు నడిపిన మనిషేగా అని సర్దుకునేదాన్ని.

ఈ ఏడు జోజికి కొత్త ఆలోచన వచ్చింది. ఆయన రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్ళ సూపరింటెండెంటు గృహప్రవేశానికి వెళ్తే, హాల్లో ఒక గోడ మొత్తం వాళ్ళు తిరిగిన ఊళ్ళ ఫోటోలు పెట్టుకున్నారట. ఇంటికి వచ్చి అన్నం తింటూ అదే మాట. “ఊటీ, మైసూరు, అంతే. అదేదో ప్రపంచం చుట్టొచ్చినట్టు పెట్టాడు. మనం ఇండియా అంతా తిరిగాం. మన గోడ చూస్తే వాడి కళ్ళు బైర్లు కమ్మాలి.”

మనం అన్నాడు. నిజమే, రైల్వే పాసు మీద ఏడాదికో ఊరు వెళ్ళాం. ఆయన, అత్తయ్య తెరేసమ్మ, మా అమ్మాయి రుచిత, నేను. ఒక్కోసారి ఆయన చెల్లెళ్ళలో ఎవరో ఒకరు టిక్కెట్టు కొనుక్కుని తోడొచ్చేవాళ్ళు. అత్తయ్యకి బయటి తిండి పడదు. అందుకని కిరసనాయిలు స్టవ్వు, గిన్నెలు, బియ్యం, కారప్పొడి, ఆవకాయ సీసా అన్నీ నాతో వచ్చేవి. లాడ్జిలో దిగగానే అందరూ స్నానాలకి పోతే నేను బాత్‌రూమ్ గుమ్మంలో స్టవ్వు వెలిగించేదాన్ని. వాళ్ళు తిని బయల్దేరే వేళకి నేను గిన్నెలు తోముతూ ఉండేదాన్ని. “నువ్వు తర్వాత ఆటోలో వచ్చెయ్. నర్సువి, ధైర్యస్తురాలివి” అనేవాడు జోజి. ప్రయాణమంటే అందరికీ ఊరు మారడం. నాకు వంటిల్లు రైలెక్కడం. ఊటీలో వాళ్ళు పడవ ఎక్కి తిరుగుతుంటే ఒడ్డున చెప్పులకి కాపలా కాశాను. ఆ సరస్సులో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయని ఎవరైనా అడిగితే చెప్పలేను గానీ, ఎవరి చెప్పు ఎక్కడ తెగిందో చెప్పగలను.

మేకులు కొట్టడం అయ్యాక జోజి స్టూలు దిగి, స్టూడియో నుంచి వచ్చిన ఖాకీ కాగితం కట్ట విప్పాడు. “మెత్తటి గుడ్డతో అద్దాలు తుడువ్, గీతలు పడకుండా” అని చెప్పి స్నానానికి వెళ్ళాడు. నేను పాత నూలు చీర ముక్క తెచ్చుకుని కింద కూర్చున్నాను. వేళాంగణి, ఊటీ, గోవా. నాలుగోది తాజ్‌మహల్.

ఆగ్రా వెళ్ళింది రుచిత చిన్నగా ఉన్నప్పుడు. అక్కడ దిగిన రోజే అత్తయ్యకి విరేచనాలు పట్టుకున్నాయి. “నువ్వుండగా డాక్టరెందుకు?” అని జోజి చెల్లెలితో, పిల్లతో కోట చూడటానికి వెళ్ళాడు. నేను లాడ్జిలో ఉండి ఆవిడకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిస్తూ, చీరలు ఉతికి ఆరేస్తూ రెండు రోజులు గడిపాను. మూడో రోజు ఆవిడ లేచి నడిచింది. అందరం తాజ్‌మహల్‌కి వెళ్ళాం. ఫ్లాస్కు, బిస్కెట్లు, ఆవిడకి మార్చడానికి ఒక చీర, గొడుగు, అన్నీ రెండు సంచుల్లో నా భుజాలకి. అక్కడి ఫోటోగ్రాఫర్ అందర్నీ వరసగా నిలబెట్టాడు. నేను చివర నిలబడ్డాను. రుచిత పరిగెడుతోంటే భుజం మీద చెయ్యి వేసి ఆపాను. ఫోటో పడింది. ఇంటికొచ్చాక ఆ ఫోటో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో! వెనకాల తెల్లగా తాజ్‌మహల్, ముందు నేను.

ఇప్పుడు అద్దం తుడిచి చూస్తే నేను లేను. అత్తయ్య ఉంది, జోజి ఉన్నాడు, ఆడపడుచు ఉంది, రుచిత ఉంది. రుచిత భుజం మీద నాలుగు వేళ్ళు, ఒక ఉంగరం ఉన్నాయి. మనిషి లేదు.

ముందు నాకు అర్థం కాలేదు. పెద్దది చేసేటప్పుడు అంచు పోయిందేమో అనుకున్నాను. గోవా ఫోటో తీసి చూశాను. అందులోనూ చివర ఉండాల్సిన నేను లేను. జోజి తల తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమండీ, ఇందులో నేనెక్కడండీ?”

“ఓ అదా, కట్ చేయించా” అన్నాడు, గోరు తీయించుకున్నంత తేలిగ్గా. “రెండు భుజాలకీ సంచులు, రేగిపోయిన జుట్టు. చూసినవాళ్ళు పనిమనిషిని వెంటబెట్టుకెళ్ళామనుకుంటారు. చివర్లో ఉన్నావ్ కాబట్టి స్టూడియో ఆయనకి కూడా తేలికైంది.”

“మరి ఈ చెయ్యి?”

“అది తీస్తే పిల్ల భుజం పాడైపోద్దన్నాడు. ఎవరు చూస్తార్లే అంత పరీక్షగా.”

మంచం మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్న అత్తయ్య తలెత్తింది. “పోనియ్యవే. ఇంటి ఆడది గోడ మీద ఎందుకు, ఎదురుగా తిరుగుతుంటే? లేచి ఆ పొయ్యి సంగతి చూడు, మాడు వాసనొస్తోంది.”

లేచి పొయ్యి సంగతి చూశాను. గడ్డకట్టిన మీగడని పీచుతో రుద్దాను. నాకు కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఎదటివాళ్ళు మాట అనేసి, అన్నం తిని, నిద్రపోయి లేచాక వస్తుంది. అప్పటికి దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో చోటుండదు. కానీ ఆ రోజు పొయ్యి దగ్గరే వచ్చింది. సంచులు మోసినందుకు పనిమనిషిలా ఉన్నానట. ఆ సంచులు ఎవరివి? ఆ ఫ్లాస్కులో నీళ్ళు ఎవరికి? బరువు మోయించినవాడికే మోస్తున్నదాన్ని చూస్తే నామోషీ! పోనీ, నన్ను వేరే ఏ రకంగా నిలబడనిచ్చారు గనక వీళ్ళు?

నా దగ్గర ఇంకో రకం ఫోటోలున్నాయి. బీరువాలో చీరల కింద, కవరులో.

నాలుగు నెలల క్రితం కలకత్తాలో నర్సుల మహాసభ జరిగింది. మా హాస్పిటల్ నుంచి కొందరం వెళ్ళాం. సభ అయ్యాక డార్జిలింగ్ చూసొద్దామని మా హెడ్ నర్సు రామతులసి గారు అన్నప్పుడు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. ఫోన్ చేసి చెప్తే జోజి “సభ అవగానే తిన్నగా రా. అమ్మకి ఒంట్లో బాగాలేదు” అన్నాడు. వెనకనుంచి అత్తయ్య గొంతు గట్టిగానే వినిపించింది. “డ్యూటీ పేరు చెప్పి ఊళ్ళెమ్మట తిరగటం ఈ నర్సులకే చెల్లింది.” ఇరవై ఏళ్ళుగా రాత్రి డ్యూటీకి వెళ్తున్న ప్రతిసారీ విన్న మాటే అది. ఒంట్లో బాగాలేని మనిషి గొంతులా లేదు. నేను ఫోన్ పెట్టేసి రైలెక్కాను.

ఆ కొండల మీద చలికి నా నూలు చీరలు ఏ మూలకీ చాలలేదు. రామతులసి గారు తన కూతురి పాంటు, ఉన్ని కోటు ఇచ్చారు. చెవుల మీదకి టోపీ లాక్కుని తెల్లవారుతుండగా కొండ మీద నిలబడ్డాం. ఎదురుగా మంచు శిఖరం మొదట కుంకుమ రంగులో, తర్వాత పసుపు రంగులో, ఆ తర్వాత ఇంక చూడలేనంత తెల్లగా అయింది. పక్కన ఎవరూ “నీళ్ళివ్వు” అనలేదు. “పద పద, టైమైంది” అనలేదు. ఒకావిడ కెటిల్‌తో వచ్చి గ్లాసులో టీ పోసిచ్చింది. నేనున్న చోటికి టీ రావడం నా బతుకులో అదే మొదటిసారి. ఆ మాటే పైకి అంటే రామతులసి గారు “ఇంకో గ్లాసు తాగవే, వడ్డీతో సహా వసూలు చేద్దాం” అన్నారు. నేను నోరంతా తెరిచి, వంకర పన్ను కనపడేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను. ఆవిడ అప్పుడే కెమెరా నొక్కారు.

ఇంటికి వస్తే సింకు నిండా వారం రోజుల గిన్నెలు నన్ను పలకరించాయి. జోజి ఫోటోల్ని పేకముక్కల్లా చకచకా తిప్పి, “ఆ పాంటేంటి? ఆ నోరేంటి?” అని కవరు నా ఒళ్ళోకి విసిరాడు. నేను వాటిని తీసుకెళ్ళి చీరల కింద దాచాను. అవును, నేనే దాచాను, నేరం చేసినదాన్లా.

ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్తూ ఆ కవరు తీసుకుని ఏలూరు రోడ్డు మీదున్న అదే స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో నడిపే కాశిం గారు పెద్దమనిషి. నెగెటివులు వెలుతురుకి పట్టి చూసి, “చాలా బాగా వచ్చాయి మేడమ్, ఎంత సైజు కావాలి?” అన్నారు. తర్వాత నా మొహం వంక, మళ్ళీ ఫోటో వంక చూశారు. “మిమ్మల్ని ఈ మధ్యే ఎక్కడో చూశానండీ.”

“మీరే కోశారండీ. తాజ్‌మహల్ ఫోటోలో.”

ఆయన మొహం పాలిపోయింది. “అల్లా! మీరు సారు మిసెస్సా? నేను అడిగానమ్మా. ఈవిడెవరండీ, తీసేస్తే బాధపడతారేమో అన్నాను. మా దూరపు బంధువులావిడ, వంటకి తోడొచ్చింది, ఫర్వాలేదు తీసెయ్యండి అన్నారు సారు. లేకపోతే నేనెందుకు...”

“మీ తప్పేం లేదండీ” అన్నాను. “ఇవన్నీ పెద్దవి చెయ్యండి. ఒక్క అంచు కూడా పోకూడదు.”

బస్సులో కూర్చున్నాక ఆ మాట మళ్ళీ మళ్ళీ చెవిలో మోగింది. దూరపు బంధువులావిడ. వంటకి తోడొచ్చింది. తిట్టి ఉంటే ఇంత మండేది కాదు. తిట్టాలంటే కనీసం నేనెవరో గుర్తుండాలి. చర్చిలో పదిమంది ముందు ఉంగరం తొడిగిన మనిషి, ఒక దుకాణంలో, ఎవరూ బలవంతం చెయ్యకుండా, కేవలం ఒక అంచు సాఫీగా రావడం కోసం నన్ను పెళ్ళాన్ని కాదనేశాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చి నేను వండిన అన్నమే తిన్నాడు.

వంటింటి పక్కన మాకొక కొట్టుగది ఉంది. బియ్యం బస్తాలు, పాత ట్రంకుపెట్టెలు, జోజి పారేయనివ్వని విరిగిన కుర్చీలు అందులో ఉంటాయి. హాల్లో టీవీ, మా గదిలో అత్తయ్య మందుల అలికిడి ఉంటాయి కాబట్టి, నైట్ డ్యూటీ చేసి వచ్చిన పగళ్ళు ఆ బస్తాల మధ్య చాప వేసుకుని పడుకోవడం నాకు అలవాటు. ఫోటోలు వచ్చిన రోజు సెలవు పెట్టి ఆ గది ఖాళీ చేశాను. కుర్చీలు పాత సామాన్లవాడికి వేశాను. బస్తాలు వరండాలోకి లాగాను. ఇంటర్ చదువుతున్న రుచిత కాలేజీ నుంచి వచ్చి, ఏమీ అడగకుండా చున్నీ నడుముకి చుట్టి బ్రష్ అందుకుంది. గోడలకి లేత నీలం రంగు వేశాం. ఆరాక ఫోటోలు తగిలించాం. మంచు శిఖరం, బొమ్మలాంటి చిన్న రైలు, టీ తోటలు, కలకత్తా వంతెన మీద మేమందరం. నిద్ర లేవగానే కనపడేలా, చాపకి ఎదురుగా, నేను నవ్వుతున్న ఫోటో.

“అమ్మా, నువ్వు ఇలా నవ్వుతావని నాకు తెలీదే” అంది రుచిత.

ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. కోపమే వచ్చింది. పదహారేళ్ళు నా పక్కనే పెరిగిన పిల్లకి నా నవ్వు తెలియకుండా చేసింది ఎవరు?

తిరునాళ్ళు మొదలయ్యే రోజు ఉదయం డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పుల గుట్ట. చుట్టాలు దిగారు. కొట్టుగదిలోకి అడుగుపెడితే నీలం గోడల మీద మేకులు మాత్రం ఉన్నాయి. కింద జోజి బావగారి సూట్‌కేసు, పరుపు. ఫోటోలన్నీ అటక మీద బోర్లించి ఉన్నాయి. ఒకదాని అద్దం పగిలింది.

జోజి వెనకే వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. “అలా చూస్తావేం? బావగారు పడుకునే గదిలో నీ పాంటు ఫోటోలుంటాయా? మర్యాద ఉండక్కర్లా? ముందు టీ సంగతి చూడు, పధ్నాలుగు మంది ఉన్నారు.”

టీ పెట్టాను. ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. అందరూ గోడ ముందు నిలబడి మెచ్చుకుంటున్నారు. గన్నవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన జోజి పెద్దక్క శౌరమ్మ వదిన, కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కో ఫోటోనే చూస్తోంది.

“ఒరే జోజీ, ఇన్నిట్లో అమల లేదేంట్రా?”

“ఫోటోలు తీసింది తనేగా అక్కా! తీసేవాళ్ళు ఎలా పడతారు?” అన్నాడు జోజి నవ్వుతూ. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వుతానన్న నమ్మకంతో నా వైపు చూశాడు.

“నేను తియ్యలేదు వదినా” అన్నాను. “ఆ కెమెరా నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఫోటోలో నేనూ ఉన్నాను. సంచులు మోస్తున్నానని మీ తమ్ముడు నన్ను కోయించారు. రుచిత భుజం మీద చూడండి, నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. నేనెవరని స్టూడియోలో అడిగితే, వంటకి తోడొచ్చిన దూరపు బంధువునని చెప్పారు.”

శౌరమ్మ వదిన గోడకి దగ్గరగా వంగి ఆ వేళ్ళని చూసింది.

“పండగపూట ఏంటే ఈ రచ్చ?” అంది అత్తయ్య.

“రచ్చ అప్పుడే అయిపోయిందండీ అత్తయ్యా. నేను చెప్తున్నాను, అంతే.” ట్రే బల్ల మీద పెట్టాను. “దూరపు బంధువు రాత్రంతా డ్యూటీ చేసొచ్చింది. పడుకోవాలి. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది, కుక్కరు పొయ్యి కింద ఉంది. అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి, మీ సూట్‌కేసు హాల్లో పెట్టుకోండి. అది నా గది.”

ఆయన పాపం గబగబా లేచి సూట్‌కేసు తెచ్చుకున్నాడు. నేను స్టూలు వేసుకుని అటకెక్కి ఫోటోలు దించాను. స్టూలు ఎవరూ పట్టుకోలేదు. నేనూ అడగలేదు. అన్నీ మళ్ళీ తగిలించి, తలుపు గడియ పెట్టి పడుకున్నాను. బయట ఎవరో గిన్నెలు ఎత్తేస్తున్నారు, ఎవరో అరుస్తున్నారు, జోజి గొంతు, అత్తయ్య గొంతు. ఒకసారి తలుపు దబదబా బాదారు. తర్వాత శౌరమ్మ వదిన మాట వినిపించింది. “ఆపరా. పడుకోనీ దాన్ని. హోటలుకెళ్ళి ఇడ్లీ పట్రా, కాళ్ళు లేవా నీకు?” మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

చుట్టాలు వెళ్ళాక చాలా రోజులు జోజి నాతో మాట్లాడలేదు. హాల్లో ఫోటోలు మాత్రం తియ్యలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందిగా. అది ఆయన తంటా.

ఒక మధ్యాహ్నం నిద్ర లేచేసరికి అత్తయ్య నా గదిలో, ఫోటోల ముందు నిలబడి ఉంది. మంచు శిఖరం మీద వేలు పెట్టి, “నిజంగానే ఇంత తెల్లగా ఉంటదా?” అంది.

“ఇంకా తెల్లగా ఉంటుంది.”

“చలేస్తదా బాగా?”

“వేస్తుంది.”

ఆవిడ ఇంకేదో వింటానన్నట్టు ఆగింది. మిమ్మల్ని కూడా ఈసారి తీసుకెళ్తాను అన్న మాట అలవాటుగా నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఇరవై ఏళ్ళు ఆవిడని తీసుకెళ్తూనే ఉన్నాను. ఆవిడ చూసిన ప్రతి ఊరూ నేను చూడని ఊరే. జాలి పడలేదని కాదు. పడ్డాను. కానీ ఆ జాలితో వాళ్ళు నాచేత ఎన్ని సంచులు మోయించారో కూడా నాకు గుర్తుంది.

మార్చి చివర్లో జోజి ఆఫీసు నుంచి హుషారుగా వచ్చాడు. జరిగిందంతా నేను మర్చిపోయి ఉంటానని ఆయన లెక్క. “మే నెలలో సిమ్లా. పాసు రాయిస్తున్నా. రేపే నువ్వు లీవు పెట్టు.”

“పెట్టేశానండీ” అన్నాను జడ వేసుకుంటూ. “సిమ్లాకి కాదు. రామతులసి గారూ నేనూ కన్యాకుమారి వెళ్తున్నాం. రుచిత కూడా మాతో వస్తానంది. పాసులో మా తల్లీకూతుళ్ళ పేర్లు రాయించకండి.”

ఆయన చొక్కా గుండీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. ఎందుకు రావని అడుగుతాడు. నువ్వు లేకుండా మేం వెళ్ళి ఏం చేస్తాం అంటాడు. పోనీ, కోపంగానైనా, నేనంటే నీకు ఇష్టం లేదా అంటాడు. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత జరిగాక కూడా, నాలో ఏదో ఒక వెర్రి మూల ఆ మాట కోసం ఎదురుచూసింది. అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నాను.

“మరి అమ్మనెవరు చూసుకుంటారు?” అన్నాడు.

“కన్నకొడుకు మీరున్నారుగా” అని, చెప్పులు వేసుకుని డ్యూటీకి బయల్దేరాను.